యోహాను పేరు పలకలు

మదనపల్లె బజారులో నాకంటే తెలివితక్కువ బేరం చేసినవాడు ఎవడైనా ఉంటే ముందుకు రావచ్చు. ఓడిపోతాడు. కుప్పంలో అంగడి మూసేస్తున్న ఒక ముసలాయన దగ్గర గోనెసంచెడు ఇత్తడి పేరుపలకలు, చెప్పిన ధరలో సగం కోసి, సంచి కూడా ఊరికే లాక్కుని తెచ్చాను. ఆయన అంత సులువుగా దిగినప్పుడే అనుమానం రావలసింది. పాత ఇత్తడి కొనేవాడు అయస్కాంతం చూపిస్తే పలకలు ఎగిరి అతుక్కున్నాయి. పూత ఇత్తడిది, లోపల ఇనుము.

ఇక వాటిని పేర్లుగానే అమ్మాలి. చూస్తే ఒక్కటీ మనవాళ్ల పేరులా లేదు. ఫోనులో ఒక్కొక్కటే వెతికాను. తీరా చూస్తే సంచి నిండా ఉన్నది ఒకే పేరు. హీబ్రూలో యోహానాన్, అంటే దేవుడు దయ చూపాడని. అది గ్రీకు, లాటిన్ దాటి దేశాలు పట్టుకు తిరిగి జర్మనీలో హాన్స్, స్పెయిన్‌లో హువాన్, ఇటలీలో జొవాన్ని, రష్యాలో ఇవాన్, ఇంగ్లండులో జాన్ అయింది. ఐర్లండు వాళ్లు ఎస్, ఇ, ఏ, ఎన్ అని రాసి షాన్ అంటారు. మన బైబిల్లో యోహాను. మా వంశంలో ఇనుముకు ఇత్తడి ధర పెట్టి ఇంత చదువు కొన్నవాణ్ని నేనొక్కణ్నే.

ఆదివారం పుంగనూరులో చర్చి బయట సంచి విప్పాను. మొదట దొరికినవాడు చౌడేపల్లె రోడ్డులో ఆటో తోలే పొట్టి మనిషి. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, వాళ్లమ్మ వీణ్ని పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఎత్తుకుని, ఆ కుప్ప పేరే పెట్టింది. బిడ్డ బతికాడు, పేరూ బతికింది. బాప్తిస్మం తీసుకుని యోహాను అయినా స్టాండులో ఒక్కడూ అలా పిలవడు. పిలిపించుకోవాలి, వాడికి కావలసింది అంతే. కావలసిందేదో మొహం మీద కనబడనిచ్చినవాడితో బేరం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఎస్, ఇ, ఏ, ఎన్ పలక తీసి వాడి చేతిలో పెట్టాను.

"ఇది నా పేరేనా అన్నా?"

"నీదే అప్పా. షాన్ అని పలకల్ల. షాన్ అంటే దర్జా, సాయిబుల్ని అడుగు."

ఆటో ముందద్దం కింద నేనే అతికించాను. వాడు స్టాండుకు పోతే, టీ వంకతో నేనూ వెనకే పోయాను. అక్కడి డ్రైవరు ఒకడు వంగి, అక్షరాలు కూడబలుక్కున్నాడు.

"ఏమప్పా, ముందర సీను అని పెట్టుకోనుండావే?"

"సీను గాదన్నా, షాన్. నా పేరు."

"రాసిండేది సీనే గదా. నీకంత సీను ల్యాదులే."

స్టాండంతా నవ్వింది. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. సాయంత్రానికల్లా వాడు సీను లేనోడు అయిపోయాడు. మర్నాడు బడిపిల్లలు సీను లేనోడి ఆటో ఎక్కుతామన్నారు. వాడు పలకను గీకేశాడు. ఆటో రంగు ఊడింది, పేరు ఊడలేదు.

కొన్నాళ్లకు మదనపల్లెకు, నా అంగడికి వచ్చాడు. డబ్బు వెనక్కి అడుగుతాడని నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. వాడు అడిగింది వేరు.

"వాళ్లు నవ్వనిది ఇంగొకటి ఉండాదా అన్నా?"

మిగిలిన పలకలు కుమ్మరించాను. ఇవాన్ తీస్తే, ఇవన్నీ నీకు యాల అంటారని వాడే పక్కన పెట్టాడు. జె, ఏ, ఎన్ అని ఉన్న పోలండు పలక తీస్తే, జాన అని చదివి, జానెడు మనిషికి జానెడు పేరు అంటారన్నాడు. ఊరి నోరు వాడికి నాకంటే బాగా తెలుసు.

"జాన్ అనేదే ల్యాదా? అది అందురికీ తెలుసు గదా."

అది అమ్ముడుపోయిందన్నాను. ఎవరికని అడిగాడు. మా వీధి చివర వడ్డీ వ్యాపారి కొని కుక్క మెడకు కట్టాడని చెప్పాను. అబద్ధమాడితే వచ్చే లాభమేమీ లేదు. వాడు ఒక్క పలకా తీసుకోకుండా ఆటో ఎక్కాడు.

ఇక ఉన్నదున్నట్టు లెక్క. పలకలన్నీ చెల్లిపోయాయి, నాకు నష్టం లేదు, కాస్త మిగిలింది కూడా. వాడికి పాత పేరు పోలేదు, దాని మీద ఇంకొకటి పడింది. చర్చిలో పాస్టరు తప్ప ఎవరూ యోహాను అనరు. ఆ పేరునే జాన్ అని మా వీధి వీధంతా నోరారా పిలుస్తున్నది కుక్కనే.