రెండడుగుల దూరంలో పుస్తకం

అది 1996 ఎండాకాలం. పటమటలో నేను కళ్ళజోళ్ళ షాపు పెట్టి అప్పటికి ఎనిమిదేళ్ళు. చూపు పరీక్ష చేయడం, పవర్ రాయడం, అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించడం అన్నీ నేనే. నేను చేసిన అద్దం తిరిగి రాదని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆ ఏడాదితో అలా చెప్పుకోవడం మానేశాను.

కొండపల్లి నుంచి ఒకావిడ వచ్చారు. పేరు ఆరోగ్యమ్మ, వయసు యాభైకి దగ్గర. కొయ్య బొమ్మలు ఇంటికి తెచ్చుకుని నునుపు చేసి రంగులు వేస్తారట. సంచిలో ఒక జపమాల, ఒక లావుపాటి పుస్తకం ఉన్నాయి. వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చింపి, సూదీ దారంతో కుట్టి, అట్ట వేసుకున్న పుస్తకం అది.

"దగ్గర చూపు ఆనడం లేదు బాబూ. బొమ్మలకి కళ్ళు దిద్దలేకపోతున్నాను, చదువుకోలేకపోతున్నాను" అన్నారు.

ఆవిడ తెచ్చిన డాక్టరుగారి చీటీలో కంటికి జబ్బేమీ లేదని ఉంది. నలభై దాటాక దగ్గరి అక్షరాలు అలుక్కుపోవడం అందరికీ ఉండేదే. దానికిచ్చేది రీడింగ్ పవర్. చార్ట్ చేతికిచ్చి, అద్దాలు మార్చుతూ చదివించాను. చివరి వరస దాకా చదివేశారు. అదీ మామూలుగా కాదు, కామా దగ్గర ఆగి, ప్రశ్న దగ్గర గొంతు లేపి. అర్థంపర్థం లేని ఆ చార్టులో కూడా ఏదో కథ ఉందేమో అనిపించింది నాకు. ప్లస్ రెండు పవర్ రాసి పంపించాను.

రెండు వారాలకి తిరిగొచ్చారు.

"బొమ్మలకి కళ్ళు బ్రహ్మాండంగా దిద్దుతున్నాను బాబూ. పుస్తకమే కనబడ్డం లేదు."

నాకు చిర్రెత్తింది. ఆవగింజంత కనుపాప కనబడుతుంటే అంతంత అక్షరాలు కనబడకపోవడమేంటి? మళ్ళీ చార్ట్ ఇచ్చాను. మళ్ళీ గడగడా చదివారు. ఎందుకైనా మంచిదని బైఫోకల్ చేసిచ్చాను. అంటే ఒకే అద్దంలో పైభాగం దూరానికి, కింది ముక్క దగ్గరికి.

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చారు. ఈసారి గొంతు తగ్గింది.

"ఆదివారం పూజలో బైబిలు పఠనం చదివేది నేనే బాబూ, పన్నెండేళ్ళుగా" అన్నారు. కేథలిక్కులు చర్చిని గుడి అనీ, అక్కడి ఆరాధనని పూజ అనీ అంటారని ఆవిడ మాటల్లోనే తెలిసింది. "ఈ అద్దాలతో గడ్డం ఎత్తితే గానీ కాస్తయినా ఆనదు. గడ్డం ఎత్తితే నెత్తిమీద కొంగు జారిపోతోంది. దేవుడి వాక్యం ముందు తలెగరేసుకుని, ముసుగు లేకుండా నిలబడ్డట్టుంది. మొన్న ఆడపిల్లలు నవ్వారు కూడా."

"కొత్త కదమ్మా, అలవాటవుతుంది. కొంగుకి పిన్నీసు పెట్టుకోండి" అన్నాను.

"మా అమ్మకీ ఈ వయసులోనే మొదలైంది. ఆఖరికి చూపు పోయింది."

"మీకలాంటిదేం లేదమ్మా" అన్నాను, పక్కన నిలబడ్డ ఇంకొకాయనకి ఫ్రేములు చూపిస్తూ. ఆవిడ "సరే బాబూ" అని వెళ్ళిపోయారు. పీడా వదిలిందనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మూడు నెలల తర్వాత ఒక గురువారం, గోనెసంచిలో ఏదో చుట్టుకుని ఒకాయన వచ్చారు.

"నేను ఆరోగ్యమ్మ భర్తనండి. జోజప్ప అంటారు, వడ్రంగం పని. మా ఆవిడ చదవడం మానేసిందండి. పఠనం ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని ఫాదర్‌గారికి చెప్పేసింది. ఈ ఆదివారం నుంచి వేరేవాళ్ళు చదువుతారు."

"ఇంట్లో చదువుకుంటున్నారా?"

"అసలు బాధ ఇంట్లోనేనండి" అంటూ స్టూలు మీద కూర్చున్నారు. "సాయంత్రం జపమాల అవగానే అందరం బొమ్మల చుట్టూ చేరతాం. నేనూ, పిల్లలు ముగ్గురూ తలో పనీ చేస్తుంటాం. ఆవిడ ఒళ్ళో బొమ్మ పెట్టుకుని ఉప్పుకాగితంతో రుద్దుతూ పైకి చదువుతుంది. పునీతుల కథలు ఒకరోజు, సీరియల్ ఒకరోజు. నాకు అక్షరం ముక్క రాదండి. నాకు తెలిసిన కథలన్నీ ఆవిడ నోటివే."

"మీ పిల్లలు చదవరా?"

"మావాడు చదువుతాడు గానీ, బస్టాండులో మైకులో చెప్పినట్టుంటుంది. ఇప్పుడు జపమాల అవగానే ఎవరి మూలకి వాళ్ళు పోతున్నారు. సీరియల్లో ఆ పిల్లకి ఉత్తరం వచ్చిందండి, ఇంకా విప్పలేదు. మూడు నెలలైంది."

నవ్వబోయాను. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి ఆగిపోయాను.

ఆయన గోనెసంచి విప్పారు. టేకు ముక్కలతో చేసిన చిన్న ఏటవాలు పీట. "ఆవిడ పుస్తకం పెట్టుకునేది ఇదేనండి. చేతులు ఖాళీ ఉండవు కదా. పెళ్ళయిన కొత్తలో చేసిచ్చాను." పీటని ఇంట్లో ఆవిడ పెట్టుకునేంత దూరంలో కౌంటరు మీద పెట్టి, జేబులోంచి టేపు తీసి తన కంటి దగ్గర్నుంచి పీట దాకా పట్టుకున్నారు. ఇరవై నాలుగు అంగుళాలు. "గుళ్ళో చదివే బల్ల కూడా నేనే చేశానండి, ఆవిడ కొలతకే. అక్కడా ఇంతే."

మా పనిలో వర్కింగ్ డిస్టెన్స్ అని ఒకటుంది, మనిషి పని చేసుకునే దూరం. పుస్తకమంటే అందరూ చేత్తో పట్టుకుని, అడుగు, అడుగున్నర దూరంలో చదువుతారని నా లెక్క. ఈవిడ పాతికేళ్ళుగా పుస్తకం చేత్తో పట్టుకుని చదవనే లేదు. ఒళ్ళో బొమ్మ అడుగు దూరం కాబట్టి కనబడింది. పుస్తకం రెండడుగులు, అక్కడ నా అద్దాల్లో రెండు భాగాలూ పనికిరావు. టేపుతో పని చేసేవాడు ఒక్క కొలతతో పట్టేసిన సంగతిని పరీక్షలన్నీ చేసిన నేను పట్టుకోలేకపోయాను.

శనివారం పొద్దున్నే ఆవిణ్ణి తీసుకురమ్మన్నాను. వచ్చారు గానీ, ఇదంతా దండగ అన్నట్టు కూర్చున్నారు. టేపు పట్టి పీట పెట్టి, దాని మీద ఆవిడ సీరియల్ పుస్తకం ఉంచాను. అద్దాలు మార్చి చూసుకునే ట్రయల్ ఫ్రేమ్ ముక్కు మీద పెట్టి, పవర్ పావు పావు తగ్గిస్తూ వచ్చాను. మూడో అద్దానికి ఆవిడ చూపు పేజీ మీద నిలిచింది. ఒళ్ళో బొమ్మ లేకపోయినా వేళ్ళు రుద్దుతున్నట్టు కదిలాయి. తల వంచుకునే, గుర్తు పెట్టుకున్న పేజీ నుంచి పైకి చదవడం మొదలుపెట్టారు. షాపులో ఉన్నవాళ్ళు మాటలు ఆపేశారు. జోజప్పగారు కళ్ళు మూసుకున్నారు. కథలో అమ్మాయి కవరు చించింది. టపీమని పుస్తకం మూసేశారు ఆరోగ్యమ్మగారు.

"అదేంటే, ఇంకొక్క ముక్క!" అన్నారు జోజప్పగారు.

"పిల్లలు లేకుండా ఎలా చదువుతానయ్యా? ఇంటికెళ్ళాకే."

"తప్పు నాదమ్మా. మీరు మూడుసార్లు వచ్చినా వినిపించుకోలేదు" అన్నాను.

"చార్ట్ చేత్తో పట్టుకోమన్నారు, పట్టుకున్నాను బాబూ. పీట సంగతి నాకు మాత్రం తోచిందా?" అన్నారు నవ్వుతూ.

మధ్యాహ్నానికల్లా ఆ పవర్‌కి అద్దాలు చేసిచ్చాను. రెండడుగుల చదువుకి విడిగా ఒక జోడు. ఫాదర్‌గారికి కబురు చేస్తానన్నారు జోజప్పగారు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి కొండపల్లి వెళ్ళాను. నా పని ఫలించిందో లేదో చూసుకోకపోతే మనసాగేలా లేదు. గుళ్ళో వెనక వరసలో నిలబడ్డాను. ఆరోగ్యమ్మగారు వచ్చి బల్ల ముందు నిలబడి, తల వంచి, పఠనం మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివారు. కొంగు కదల్లేదు.

బయటికి రాగానే జోజప్పగారు గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. అద్దాల గురించి ఏదో అంటారనుకున్నాను.

"ఆ పిల్లకొచ్చిన ఉత్తరం వాళ్ళ నాన్న రాసిందండీ!" అన్నారు. ఆ కథ కోసం నేనూ మూడు నెలలుగా ఎదురుచూస్తున్నాననుకున్నట్టున్నారు.

అప్పటినుంచి నా షాపులో చార్ట్ చేతికిచ్చే ముందు ప్రతి ఒక్కర్నీ రెండు ప్రశ్నలు అడుగుతాను. పుస్తకం ఎక్కడ పెట్టుకుని చదువుతారు? మీరు చదువుతుంటే వినేవాళ్ళెవరైనా ఉన్నారా? రెండో ప్రశ్నతో పవర్‌కేం సంబంధం అని కొందరు నవ్వుతారు. ఏ సంబంధమూ లేదు. కానీ ఉన్నారని చెప్పినవాళ్ళ అద్దాలు నేను అదే రోజు చేసిస్తాను.