వీపు మీద చెయ్యి వేసి చెప్పాలి

ఎద్దును పడేసి కాళ్ళు కట్టిన తరువాత అప్పలస్వామి ఎవరితోనూ మాట్లాడడు. అరకు సంతకు వచ్చే బండివాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. గిట్ట చెక్కేటప్పుడు ఉలి కాస్త లోతుగా పోయినా, మేకు పక్కకు తేలకుండా లోపలికి దిగినా ఆ ఎద్దు ఇక ఘాటీ ఎక్కలేదు. అందుకే వరహాలరావు షావుకారు వచ్చి ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నా, ఆఖరి నాడా బిగిసేదాకా అతను తల ఎత్తలేదు.

"నీకే చెప్తన్నాను అప్పలసామీ. వచ్చే శుక్రవారం సంత నాటికి తేల్చెయ్. అమ్ముతావా, అమ్మవా? నాకు గోదాము కావాలి. నీ ఇల్లు కాపోతే ఇంకోటి చూసుకుంటాను. నీకే ఇంకో కొనేవాడు దొరకడు."

అప్పలస్వామి కట్లు విప్పాడు. ఎద్దు లేచి, కొత్త ఇనుము మీద నాలుగు అడుగులు అనుమానంగా వేసింది. అది సరిగ్గా నడిచేదాకా చూసి అప్పుడన్నాడు.

"ఆలోసిత్తన్నాను బాబూ."

"ఆలోచించడానికి నువ్వేమన్నా జడ్జీవా? అంతా నా ప్లీడరు చూసుకుంటాడు. కోట వెళ్ళి సంతకం పెట్టు, చాలు."

అప్పలస్వామిది కొండ కింద, అందరూ కోట అనే శృంగవరపుకోట దగ్గరి ఊరు. కొండల్లో రైలు దారి వేస్తున్నప్పుడు రాళ్ళు మోసే బళ్ళ ఎద్దులకు నాడాలు కొట్టడానికి వచ్చాడు. రైలు దారి పూర్తయి కంట్రాక్టరు వెళ్ళిపోతూ రోడ్డు మూలనున్న తన షెడ్డునూ స్థలాన్నీ అమ్మితే కొనుక్కున్నాడు. రాతి పునాది తనే కట్టాడు, వాసాలు తనే ఎత్తాడు, పెంకు తనే నేశాడు. ఇప్పుడు పంతొమ్మిది వందల డెబ్బై ఏడు. లారీలు వచ్చాయి, బళ్ళు తగ్గాయి. భార్య యర్రమ్మకు ప్రతి వానాకాలం చలిజ్వరం. కోటలో బజారు పక్కన ఒక కొలిమి స్థలం అమ్మకానికి ఉంది, గేట్లూ కిటికీ చువ్వలూ చేసుకుని బతకొచ్చు. ఆ స్థలం కొనాలంటే ఈ ఇల్లు అమ్మాలి. ఇల్లు తప్ప అతనికి మరొక ఆస్తి లేదు.

చిక్కల్లా చట్టంతో. ఏజెన్సీలో ఇల్లూ భూమీ ఇక గిరిజనుడికే అమ్మాలని డెబ్బైలో చట్టం వచ్చింది. వరహాలరావు విజయనగరం వైపు నుంచి వచ్చిన పసుపూ చింతపండూ వ్యాపారి. అతను కొనడానికి వీల్లేదు. దానికి అతని ప్లీడరు ఒక దారి చెప్పాడు. ఇల్లు వరహాలరావు దగ్గర మూటలు మోసే సోంబరు పేర రాయాలి. సోంబరు గిరిజనుడు. ఆ వెంటనే, ఇంటిని షావుకారికి వదిలేసినట్టు సోంబరు వేలిముద్ర మరో కాగితం మీద తీసుకోవాలి. ఇల్లు సోంబరుది, తాళం షావుకారిది.

ఆ సాయంత్రం యర్రమ్మ కంబళి కప్పుకుని పొయ్యి దగ్గర కూర్చుని ఉంది.

"ఇంకా ఏటి ఆలోసన మావా? ఊరంతా అలగే సేత్తన్నారు. మనకే వచ్చిందేటి పాపం?"

"కాగితం నిలబడతాదో నేదో తెలియాలి గదే."

"నీకు తెలుత్తాదేటి? నీకు తెలిసింది గిట్టలు."

"గిట్టలు తెలుసును. ప్లీడర్ని కూడా అలగే సూత్తాను" అన్నాడు అప్పలస్వామి.

యర్రమ్మ నవ్వబోయి దగ్గింది. "పడేసి కాళ్ళు కడతావేటి?"

సోమవారం పొద్దున్న బస్సులో కోట దిగాడు. రమణమూర్తి ప్లీడరు ఆఫీసులో ఫ్యాను తిరుగుతోంది, గోడ నిండా అట్టలు మెరిసే పుస్తకాలు. ఆయన అతన్ని కుర్చీలో కూర్చోమన్నాడు, కాఫీ తెప్పించాడు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళివచ్చినట్టు మాట్లాడాడు. కాగితాలన్నీ ముందే టైపు చేయించి ఉన్నాయి. పెన్ను మూత తీసి అప్పలస్వామి చేతిలో పెట్టాడు.

"ఇక్కడా, ఇక్కడా. అయిపోయింది."

అప్పలస్వామి పెన్ను పట్టుకుని కాగితాల వైపు చూశాడు. సంతకం పెడితే వారంలో కొలిమి స్థలం తనది. యర్రమ్మ ఈ వానాకాలం కొండ మీద ఉండక్కర్లేదు.

అతనికి సంత గుర్తొచ్చింది. అరకు సంతలో ఎద్దును అమ్మేవాడు దాని వీపు మీద చెయ్యి వేసి లోపం చెప్పాలి. ఒకడు ఎడమ కన్ను మసక అంటాడు, ఒకడు నీళ్ళలో దిగదంటాడు. వీపు మీద చెయ్యి ఉండగా అబద్ధమాడితే ఆ మనిషి దగ్గర మళ్ళీ ఎవరూ కొనరు. లోపమే లేదన్నవాడి ఎద్దు వైపు చూడకుండా జనం దాటిపోతారు. లోపం లేని ఎద్దు ఉండదని అందరికీ తెలుసు గనుక.

"బాబూ, ఒక్క మాట. ఈ కాగితానికి లోపం ఏటి?"

రమణమూర్తి కనుబొమ్మలు ఎత్తాడు. "లోపమా?"

"ఏదో ఒకటి ఉంటాది గదా."

"నా చేతి మీదుగా వెళ్ళిన కాగితానికి లోపం ఉండదయ్యా."

"తమరు ఎవరి తరపు బాబూ? షావుకారి తరపా, నా తరపా?"

"ఇద్దరికీ నేనే. నీకు ఫీజు కూడా లేదు. ఇంకేం కావాలి?"

అప్పలస్వామి పెన్ను మూత పెట్టి, బల్ల మీద జాగ్రత్తగా ఉంచాడు.

"ఇంటిదాన్ని అడిగి వత్తాను బాబూ."

"పెళ్ళాన్ని అడిగే నాడాలు కొడతావా?" అని నవ్వాడు ప్లీడరు. గుమాస్తా కూడా నవ్వాడు. అప్పలస్వామి దణ్ణం పెట్టి మెట్లు దిగాడు.

మంగళవారం పాడేరు వెళ్ళాడు. ఏజెన్సీ భూమి తగాదాలు నడిచేది అక్కడే గనుక, కోర్టు గుమ్మంలో టీ అమ్మేవాడిని అడిగాడు. "గట్టిగా మాటాడీవోడు కావాలా, పని సేసీవోడు కావాలా?" అన్నాడు టీవాడు. రెండోవాడి పేరు సర్వేశ్వరరావు. బస్టాండు వెనక ఒక గది, ఒక బల్ల, చీకిపోయిన నల్లకోటు. ఆయన కాఫీ తెప్పించలేదు, కూర్చోమనడం కూడా మరిచిపోయాడు. కంట్రాక్టరు దగ్గర కొన్న కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి మొదటి నుంచి చివరికి చదివాడు, మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"నువ్వు కొన్నది డెబ్బైకి ముందు, అమ్మినవాడు గిరిజనుడు కాడు. ఇది నిలబడుతుంది. ఇప్పుడు చెప్పు, ఎవరికి అమ్ముతున్నావు?"

అప్పలస్వామి దాచకుండా అంతా చెప్పాడు. చివర అదే ప్రశ్న అడిగాడు.

"ఆ కాగితానికి లోపం ఏటి బాబూ?"

"లోపం కాదు, అది కాగితమే కాదు" అన్నాడు సర్వేశ్వరరావు. "ఎవరో ఒకరు అర్జీ పెడతారు. కొన్నది ఎవరని కోర్టు అడుగుతుంది. అమ్మకం చెల్లదంటారు. షావుకారు తన సొమ్ము కోసం నీ మీద పడతాడు. అప్పటికి నువ్వు దాన్ని కోటలో కొలిమికి పెట్టేసి ఉంటావు. అక్కడా పోతుంది, ఇక్కడా పోతుంది. ఆ సోంబరు బోనులో నిలబడతాడు."

అప్పలస్వామికి అడగవలసింది ఇంకొకటి ఉంది.

"మరి తమరి లోపం?"

సర్వేశ్వరరావు అతని వైపు మొదటిసారి తిన్నగా చూశాడు. కోపం వస్తుందేమోనని అప్పలస్వామి గుమ్మం వైపు జరిగాడు. ఆయన కాగితం మడిచి, అరచెయ్యి దాని మీద ఆనించాడు.

"పోయిన వానాకాలం ఇలాంటి కేసే ఓడిపోయాను. కాగితంలో పేరున్న మనిషిని నేను ఒక్కసారి కూడా ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగలేదు. అతను కోర్టులో ఉన్నమాట చెప్పేశాడు. నన్ను నమ్ముకున్నవాడి ఇల్లు పోయింది. పైగా నా పని నెమ్మది. నీకు తొందరుంటే నా దగ్గరికి రాకు."

"తొందరుంది బాబూ" అన్నాడు అప్పలస్వామి. "అయినా తమరి దగ్గిరికే వత్తాను."

"అయితే ముందు ఆ సోంబరును తీసుకురా. వాడి మాట వినకుండా నేను ఒక్క ముక్క రాయను."

అది తేలిక పని కాదు. సోంబరు పొద్దున్నే షావుకారి కొట్టుకు వెళితే చీకటి పడేదాకా అక్కడే. బుధవారం అంతా అప్పలస్వామి కొట్టు ఎదుట తచ్చాడాడు. పసుపు మూట దించుతుండగా మాట కలిపితే, లోపలి నుంచి వరహాలరావు మెడ బయటికి పెట్టి "ఏటి అప్పలసామీ, ఇల్లు అమ్మేవాడివి, మూటలు కూడా లెక్కేత్తన్నావేటి?" అన్నాడు. సోంబరు చెమట తుడుచుకుంటూ దగ్గరికి వచ్చినప్పుడు "రేపు పాడేరు రా, నీ పేరు మీదే పని" అని మాత్రం అనగలిగాడు. సోంబరు ఇంకో మూట ఎత్తుకుని లోపలికి పోయాడు.

గురువారం బస్సు కదిలేదాకా అతను రాలేదు. బస్సు ఊరి చివర మలుపు తిరుగుతుంటే వెనక నిచ్చెన పట్టుకుని వేలాడుతూ కనిపించాడు.

సర్వేశ్వరరావు ఈసారి ఇద్దరినీ కూర్చోమన్నాడు. సోంబరు నేల మీద కూర్చోబోతే కుర్చీ చూపించాడు.

"నీ పేర ఇల్లు రాస్తారట. తెలుసా?"

"తెలుసు బాబు. ముందు కూడా రాసినారు. నాకు మూడిళ్ళు ఉన్నాయంట." సోంబరు సిగ్గుగా నవ్వాడు. "ఒక్కదాన్లో కూడా పడుకోనేదు. మాది వాన కారే గడ్డిల్లు."

సర్వేశ్వరరావు కుర్చీ ముందుకు జరుపుకుని అడిగాడు. "ఇల్లు నిజంగా కొనాలని ఉందా?"

"నానా?"

"నువ్వే. చట్టం కొనొద్దన్నది షావుకారిని. నిన్ను కాదు."

సోంబరు అప్పలస్వామి వైపు చూశాడు, ఇది కూడా మరో వేలిముద్ర ఎత్తేమో అన్నట్టు. "అన్నకీ నాకూ పసుపు చేను ఉంది, ఆ పంట డబ్బులు ఇత్తాం. ఎద్దుల జత కూడా ఇచ్చేత్తాం. అంతకన్నా నేదు మావా. షావుకారు ఇచ్చే ధరలో సగమే వత్తాది."

ఆ సగం సంగతి అప్పలస్వామికి ఆ క్షణాన బాగా తెలిసింది. కోటలో బజారు పక్క స్థలం రాదు. ఊరి బయట రోడ్డు వార అద్దెకో చిన్న పాక దొరుకుతుంది, అంతే. బస్సులో తిరిగి వస్తూ, ఇంటిది సరేనంటే ఆ ధరకే ఇస్తానని సోంబరుకు చెప్పాడు.

యర్రమ్మ అంతా విని పొయ్యిలోకి ఒక పుల్ల తోసింది. "సగానికా?"

"సగానికే. కానీ కోర్టులో మళ్ళీ ఎవడూ అడగడు."

"పాకైనా కిందే గదా" అంది చివరికి. "జొరం ఉండదు."

శుక్రవారం సంత నిండాక వరహాలరావు వచ్చాడు. చేతిలో కాగితాలు, వెనక సోంబరు తల మీద మూట. అప్పలస్వామి ఒక ఎద్దు కాళ్ళు కట్టి ఉన్నాడు. షావుకారు ఆగవలసి వచ్చింది. మేకు దిగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించకుండా చుట్టూ జనం మూగారు.

ఎద్దు లేచాక అప్పలస్వామి లేచాడు. "నాను అమ్మను బాబూ. తమరికి కాదు."

"ఎవడికి అమ్ముతావు? నేను వద్దన్న ఇంటిని కొనేవాడు ఈ కొండల్లో ఉన్నాడా? పెంకు ఊడి నెత్తిన పడేదాకా అందులోనే కూర్చో. నా బళ్ళ ఎద్దులు ఇక నీ దగ్గరికి రావు. సోంబరూ, మూట ఎత్తు, పోదాం."

సోంబరు మూట దించి పక్కన పెట్టాడు. మళ్ళీ ఎత్తలేదు.

"ఒరే, నీకే!"

"నాను కొంటన్నాను బాబు" అన్నాడు సోంబరు. "నాలుగో ఇల్లు."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. వరహాలరావు మొహం కందగడ్డ అయింది. ఏదో అనబోయి, చుట్టూ చూసి, మూట తనే భుజాన వేసుకోలేక ఇంకో కూలీని కేకేస్తూ వెళ్ళిపోయాడు. ఆ పూటతో అతని కూలి పని పోయింది.

సోమవారం పాడేరు వస్తే కాగితం రాస్తానని సర్వేశ్వరరావు ముందే చెప్పాడు. అంతకు ముందు చెయ్యవలసింది ఒకటుంది. సంత సద్దుమణిగాక అప్పలస్వామి సోంబరునీ, అతని అన్ననీ ఇంటికి తీసుకువెళ్ళాడు. రోడ్డు వైపు గోడ మీద అరచెయ్యి ఆనించాడు.

"ఉత్తరం మూల వాసం పుచ్చింది. మార్చాలి. గాలివాన వత్తే వెనక వరస పెంకు కదులుతాది."

"వంటింట్లో పొగ పోదని సెప్పు మావా" అని యర్రమ్మ లోపల నుంచి అరిచింది.

"వంటింట్లో పొగ పోదు" అన్నాడు అప్పలస్వామి, చెయ్యి తియ్యకుండా.

సోంబరు గోడను కింది నుంచి పైదాకా చూశాడు. తరువాత బయట కట్టి ఉన్న, ఇంటి వెల కింద ఇచ్చే తమ జతలో ఎడమ ఎద్దు దగ్గరికి వెళ్ళి, దాని వీపు మీద చెయ్యి వేశాడు.

"ఇది దిగుడులో ఆగదు మావా. వెనక కుడి గిట్ట మెత్తన."

"నాకు తెల్దేటి?" అన్నాడు అప్పలస్వామి. "దానికి నాడాలు కొట్టింది నానే."