మామయ్యగారి మొదటి పేపరు

మా మామయ్యగారు బ్రిటన్ ప్రధానిని తిట్టనిదే మా ఇంట్లో పొద్దుటి కాఫీ ముగిసేది కాదు. ఇప్పటి ప్రధానిని కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మ్యూనిక్ వెళ్ళి, జర్మనీ నియంత అడిగిన పొరుగుదేశపు ముక్కను కోసి చేతిలో పెట్టి, తిరిగొచ్చి విమానం దిగుతూనే ఒక కాగితం ఊపి, ఇక శాంతి వచ్చేసిందన్న ఆ పెద్దమనిషిని. బయట ఎడ్మంటన్ చలి ముక్కు ఊడగొడుతుంటే లోపల ఈయన సెగలు కక్కేవారు. "పిరికిపంద. పాముకి పాలు పోశాడమ్మాయ్," అని గ్లాసు బల్ల మీద టక్కున పెట్టేవారు. ఎప్పుడో పోయిన మనిషి మీద అంత కోపం, బతికున్న మా ఆయన మీద కూడా నేనెప్పుడూ తెచ్చుకోలేదు.

మామయ్యగారు గోదావరి పక్కన ఒక హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అత్తయ్యతో కలిసి, తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద మా దగ్గరికి వచ్చారు. మా ఆయనకు ఉత్తరాన ఆయిల్ క్యాంపులో ఉద్యోగం, నెలలో సగం రోజులు అక్కడే ఉంటాడు. ఇక ఇంట్లో మిగిలేది నేనూ, పన్నెండో తరగతి చదివే మా అమ్మాయీ. దానికి ఇక్కడి యూనివర్సిటీలో నర్సింగ్ సీటు కావాలి. అన్నింట్లోనూ మార్కులు బాగానే వస్తున్నాయి, ఒక్క సోషల్ తప్ప. జనవరిలో ప్రావిన్సు, అంటే ఇక్కడి రాష్ట్రం, పెట్టే పరీక్ష. అందులో సోషల్ పైకి లేవకపోతే సీటు లేదు. ఆ ముక్క వినగానే మామయ్యగారు పంచె సర్దుకున్నారు, డైనింగ్ టేబుల్ ఎక్కడం ఒక్కటే తక్కువ.

"సోషల్ నాకొదిలెయ్యండి," అన్నారు.

నేను సంతోషంగానే వదిలేశాను. ఊరికే వచ్చే ట్యూషన్ ఎవరికి చేదు?

ఈ పరీక్ష మన పరీక్షలాంటిది కాదు. 'బ్రిటన్ ప్రధాని బుజ్జగింపు విధానం గురించి రాయుము' అని అడగరు. అప్పటి కార్టూన్ ఒకటి, ఒక నాయకుడి ప్రసంగంలో ముక్క ఒకటి, ఎవరో తల్లి రాసుకున్న ఉత్తరం ఒకటి ఇస్తారు. వాటిని సోర్సులు అంటారు. వాటిని చదివి, ఏది ఏం చెబుతోంది, ఎంతవరకు నమ్మొచ్చు, ఎందుకలా చెబుతోంది అని రాయాలి. మామయ్యగారు ఆ సోర్సుల వంక చూసి, "ఇవన్నీ బొమ్మలు. పేజీ నింపడానికి వేస్తారు. నువ్వు పాయింట్లు రాయమ్మా," అన్నారు.

ఆయన పద్ధతి గోదావరి జిల్లాలో కొన్ని తరాల్ని గట్టెక్కించిన పద్ధతే. ఎన్ని మార్కులుంటే అన్ని పాయింట్లు, ప్రతి పాయింటుకూ సైడ్ హెడ్డింగు, హెడ్డింగు కింద స్కేలుతో గీత. ముందు ఉపోద్ఘాతం, వెనక ముగింపు. అసలు షీటు నిండాక లేచి నిలబడి అడిషనల్ షీటు అడగాలి. దిద్దేవాడికి చదివే ఓపిక ఉండదు కాబట్టి బరువు చూసి మార్కులు వేస్తాడు. మధ్యలో ఒక సామెత పడితే పరీక్షాధికారి మనసు కరుగుతుంది.

స్కూల్లో మోడల్ టెస్టు పెట్టారు. విమానం దిగిన ప్రధానికి జనం ఎందుకు అంతగా జేజేలు కొట్టారో సోర్సుల ఆధారంగా వివరించమని ప్రశ్న. మా అమ్మాయి తాతగారి మాట జవదాటకుండా వెర్సైల్స్ సంధి నుంచి మొదలుపెట్టి యుద్ధం ముగిసేదాకా రాసింది, సైడ్ హెడ్డింగులతో సహా. నడుమ, పోనీలే పాపమని పాతచీర ఇస్తే గోడచాటుకు పోయి మూర వేసిందట అనే సామెతను ఇంగ్లీషులో పెట్టింది. దిద్దిన టీచరు ఆ వాక్యం చుట్టూ సున్నా చుట్టి, ఈ చీర ఎవరిది, ఏ సోర్సులో ఉంది అని మార్జిన్లో రాసింది. కింద ఇంకో మాట కూడా రాసింది: తర్వాత ఏమైందో చాలా బాగా చెప్పావు, నేను అడిగింది ఆ రోజు ఎందుకు చప్పట్లు కొట్టారని. మార్కుల సంగతి చెప్పను, పిల్ల ఏడ్చింది.

నాకు ఒళ్ళు మండింది. మామయ్యగారి మీద మండాలి కానీ కోడలినైపోయాను, అందుకని అత్తయ్య మీద విసుక్కున్నాను. అత్తయ్య కొత్తిమీర ఒలుస్తూ, "నన్నంటావేంటే, నేనేమన్నా మ్యూనిక్ వెళ్ళానా?" అంది.

మా అమ్మాయి కళ్ళు తుడుచుకుని తాతకే పాఠం మొదలుపెట్టింది. అది మాట్లాడేదంతా ఇంగ్లీషే, నేను తెలుగు చేసి చెబుతున్నాను. సోర్సు ఏదైనా సరే ముందు అడగాల్సినవి ఇవట: ఎవరు చెప్పారు, ఎవరితో, ఎప్పుడు, చెప్పడం వల్ల వాళ్ళకేంటి లాభం, ఏ సంగతి చెప్పకుండా వదిలేశారు. మామయ్యగారు బిత్తరపోయారు. కాలికి పుస్తకం తగిలితే కళ్ళకద్దుకునే మనిషాయన. "అచ్చులో ఉన్నదాన్ని అనుమానించమని బడిలో చెబుతారా?" అన్నారు.

చెప్పడమే కాదు, ఇంట్లో ప్రాక్టీసు కూడా మొదలైంది. అత్తయ్య ఫోనుకు వచ్చే వైద్య చిట్కాలన్నిటికీ, ఎవరు చెప్పారు నానమ్మా, వాళ్ళకేంటి లాభం అని ప్రశ్న పడేది. క్యాంపు నుంచి మా ఆయన ఫోన్ చేసి ఇక్కడ తిండేమీ బాలేదని వాపోతే, ఈ సోర్సు అమ్మ జాలి కోసం తయారైంది, నాన్న పోస్ట్ చేసిన ఫొటోలో మూడు రకాల స్వీట్లున్నాయి అని తేల్చేసింది. అది విని నేను చేసిన గొడవకి మా ఆయన ఫోన్ పెట్టేశాడు. నేను మాత్రం తక్కువా? సాంబారు మా అమ్మ చేసినట్టే వచ్చిందని అన్నానో లేదో, పోల్చడానికి రెండో సోర్సు లేదంది.

అలా ఉండగా ఒక ఆదివారం మధ్యాహ్నం, మా వీధిలోనే ఉండే కరీంనగర్ దంపతులు భోజనానికి వచ్చారు. పెరుగన్నం దగ్గరికి రాగానే మామయ్యగారు తన కథ ఎత్తుకున్నారు. ఆ కథ నేను పెళ్ళిచూపుల్లో మొదటిసారి విన్నాను, ఆ తర్వాత ప్రతి శుభకార్యంలోనూ విన్నాను. ఆయన పదో తరగతి పరీక్షల్లో ఇన్విజిలేటరు. ఊరి పంచాయతీ ప్రెసిడెంటు గారబ్బాయి ఏకంగా పాఠ్యపుస్తకమే బల్ల మీద తెరిచి పెట్టుకుని, "మాస్టారూ, ఇది ఏ పేజీలో ఉందో కాస్త చూసిపెట్టండి," అన్నాడట. మాస్టారు పుస్తకం లాక్కుని, కిటికీలోంచి విసిరేసి, "లే బయటికి," అన్నారట. బయట ప్రెసిడెంటు మనుషులు నిలబడి ఉన్నా అదరలేదు, బెదరలేదట.

"మస్తు ధైర్యం అంకుల్ మీది," అన్నాడు కరీంనగర్ ఆయన.

"ధైర్యం కాదు బాబూ. నియమం. ఆ బ్రిటన్ ప్రధానికి లేనిదదే."

వాళ్ళు వెళ్ళాక మా అమ్మాయి పెన్ను నోట్లో పెట్టుకుని తాతను చూసింది. ఆ చూపు నాకు తెలుసు. వద్దే అని సైగ చేశాను. వింటేగా.

"తాతయ్యా, మొదటి రోజే పుస్తకం తెచ్చాడా?"

"ఏం?"

"మొదటి రోజే ఎవరూ బుక్ తీసుకురారు. ముందు చిన్నది తెస్తారు. మీరు చెప్పింది ఏ రోజు?"

మామయ్యగారు గొంతు సవరించుకున్నారు. "సైన్సు పేపరు రోజు."

"దానికి ముందు రోజుల్లో?"

ఆయన ఖాళీ గ్లాసెత్తి నీళ్ళు తాగబోయారు. మా అమ్మాయి ఊరుకోలేదు. దీనికి ఇంకో సోర్సు ఎవరైనా ఉన్నారా అని గది మొత్తానికి వినిపించేలా అడిగింది.

"ఉన్నాను. నేనే," అంది అత్తయ్య, కంచాలు తీస్తూ.

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆ కథకు అడ్డు రావడం నేను చూడలేదు. ఇప్పుడూ ఏమంత పెద్ద గొంతుతో చెప్పలేదు. తెలుగు పేపరు రోజు ఆ అబ్బాయి చిన్న చిట్టీ తెచ్చాడట. మామయ్యగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారట. హిందీ రోజుకు వాడి స్నేహితులూ తెచ్చారు. లెక్కల రోజుకు కిటికీ పక్కన నిలబడి ఒకడు పైకే చదివి వినిపించాడు. సైన్సు రోజుకు పుస్తకం వచ్చింది. "ఏకు మేకైందంటారే, అదీ. ఆ మొదటి రోజు ఇంటికొచ్చి అన్నం కూడా ముట్టలేదు మీ తాతయ్య," అని చెప్పి, కంచాలతో లోపలికి వెళ్ళిపోయింది.

మా అమ్మాయికి అప్పటికి నవ్వొచ్చింది. "తాతయ్యా, యూ వర్ ది ప్రైమ్ మినిస్టర్," అంది.

మామయ్యగారు నవ్వలేదు. లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

మర్నాడు కాఫీ దగ్గర ప్రధాని పేరు ఎత్తలేదు. ఆ మర్నాడూ అంతే. పొద్దున్నే బూట్లు తొడుక్కుని, బస్సెక్కి మాల్‌కు పోయి, అక్కడ నడిచే పెద్దవాళ్ళతో పాటు రౌండ్లు కొట్టి, చీకటి పడే వేళకు వచ్చేవారు. ఈ ఊళ్ళో డిసెంబరు చివర చీకటి పడే వేళంటే సాయంత్రం టీ వేళే. ఇంట్లో కుక్కిన పేనులా కూర్చునేవారు. పాఠాలు ఆగిపోయాయి. పరీక్ష ముంచుకొస్తోంది. జనం ఎందుకు చప్పట్లు కొట్టారన్న ప్రశ్న మా అమ్మాయి మళ్ళీ మళ్ళీ రాసి చూసుకుంటోంది, ప్రతిసారీ కలం ఆ ప్రధాని పిరికివాడు అనే దగ్గరికే వెళ్ళి ఆగుతోంది. నాకు భయం పట్టుకుంది. సీటూ పోయేలా ఉంది, ముసలాయన మనసూ విరిగేలా ఉంది. రెండూ నా వంటింట్లోనే జరగాలా?

"వెళ్ళి సారీ చెప్పు," అన్నాను దానితో.

అది సారీ చెప్పలేదు. ప్రశ్నపత్రం తయారుచేసింది. నన్ను కూర్చోబెట్టి తెలుగులో రాయించింది. సోర్సు ఏ: తాతయ్య చెప్పింది. సోర్సు బి: నానమ్మ చెప్పింది. ప్రశ్న: మొదటి రోజు మాస్టారు ఎందుకు ఊరుకున్నారో వివరించుము. గమనిక: తర్వాత ఏమైందో రాయరాదు.

సాయంత్రం మామయ్యగారు మాల్ నుంచి రాగానే ఆయన ముందు పెట్టింది. ఆయన బూట్లు కూడా విప్పకుండా చదివారు. గమనిక దగ్గర వేలు ఆగింది. తర్వాత డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, స్కేలు అడిగారు. నేనూ అత్తయ్యా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నట్టు నటిస్తూ చూస్తున్నాం. ఆయన ఒక్క హెడ్డింగు కూడా పెట్టలేదు, స్కేలు అలాగే ఉండిపోయింది. కాగితం నిండాక లేచి నిలబడి, మనవరాలితో, "అడిషనల్ ఇవ్వమ్మా," అన్నారు.

దానికి తెలుగు చదవడం రాదు. ఆయనే పైకి చదివారు. మా ఇంటావిడకు నెలలు నిండాయి. ముందోసారి ఒక బిడ్డ దక్కలేదు. ప్రెసిడెంటు తలుచుకుంటే రాత్రికి రాత్రి ఏజెన్సీకి బదిలీ అవుతుంది, అక్కడ ఆసుపత్రి లేదు. ఒక్క కుర్రాడు, ఒక్క చిట్టీ, దానితో వాడికి తృప్తి అవుతుందనుకున్నాను. ఆ గంటలన్నీ కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాను. పరీక్ష అయ్యాక స్టాఫ్ రూములోకి వెళ్తే ఎవ్వరూ ఏమీ అడగలేదు. అందరికీ పిల్లలున్నారు, అందరికీ ప్రెసిడెంటు తెలుసు. హెడ్‌మాస్టారు నాకు టీ తెప్పించారు.

అక్కడ ఆపి, కళ్ళజోడు తీశారు. "ఆ టీ చాలా బాగుందమ్మా," అన్నారు.

అత్తయ్య చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది. మా అమ్మాయి మెల్లగా, ఆ విమానాశ్రయంలో ఉన్న జనం కూడా అంతేనా తాతయ్యా, ముందు యుద్ధంలో పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళేనా అని అడిగింది. "అంతే అయ్యుంటుంది," అన్నారాయన. సోర్సుల్లో ఉన్న ఆ తల్లి ఉత్తరం తీసి ఇద్దరూ మళ్ళీ మొదటి నుంచి చదివారు.

బదిలీ ఎలాగూ వచ్చిందట, బిడ్డ పుట్టాక. ఆ బిడ్డ ఎవరో తెలుసుగా. వెంటనే క్యాంపుకు ఫోన్ చేసి, "నీ పుణ్యమా అని ఒక ఊరు ఊరంతా పదో తరగతి పాసైంది," అని మా ఆయనకు చెప్పాను. ఆయనకేం అర్థం కాలేదు.

జనవరిలో పరీక్ష రాసి వచ్చిన పిల్లను మామయ్యగారు అడిషనల్స్ ఎన్ని తీసుకున్నావని అడగలేదు. "ఎందుకు చప్పట్లు కొట్టారో రాశావా?" అన్నారు. రాశానంది. మార్కులొచ్చాయి, సీటూ వచ్చింది. ఇప్పుడు ఆ ప్రధానిని ఆయన వారానికోసారి తిడుతున్నారు, అదీ కాస్త తగ్గు గొంతుతో.

సీటు వచ్చిన సంబరానికి కరీంనగర్ దంపతుల్ని మళ్ళీ పిలిచాం. పెరుగన్నం దగ్గర ఆయన, "అంకుల్, గా బుక్కు ఇసిరేసిన కత చెప్పున్రి, మా తమ్ముడు ఇనలే," అన్నాడు. వెంట వచ్చిన కుర్రాడు ముందే నవ్వడానికి సిద్ధమయ్యాడు.

మామయ్యగారు మంచినీళ్ళు తాగి గ్లాసు పెట్టారు. "తెలుగు పేపరు రోజు నుంచి చెప్పాలి బాబూ," అన్నారు. "ఆ రోజు నేను ఊరుకున్నాను."

ఆ కుర్రాడికి నవ్వాలో వద్దో తెలియలేదు. మా అమ్మాయి తింటున్నది ఆపి తాతనే చూస్తోంది. అత్తయ్య లేచి, ఎవరూ అడగకపోయినా ఆయనకు టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.