క్లారా అసలు పేరు

సాలొమోన్ ఫిష్‌బైన్ గుండీలు అమ్ముకునేవాడు. ఓన్సే పేటలో మూరెడు కొట్టు. వచ్చిందంతా తెచ్చి మా వేలం హాల్లో పోసేవాడు. కొనేవల్లా యూదుల యిద్దిష్ భాషలో పాత నాటకాల కరపత్రాలు, సబ్బాతు దీపాల కుందులు, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ నాటకాలవాళ్లను ఫొటోలు తీసిన రెబెకా జాల్క్‌మన్ సంతకం ఉన్న ఫొటోలు. ఆయన కోటుకే గుండీలుండేవి కావు. ఏం మనిషో!

హాల్లో వస్తువులు ఎత్తి చూపేది నేనే. ఆ బుధవారం మధ్యాహ్నం బ్యూనస్ ఎయిరెస్ అంతా వానలో తేలుతున్నట్టుంది. హకరండా పూల ఊదా వెలుగు కిటికీల్లోంచి పడుతోంది. నేనెత్తిన ఫొటోలో నాటకాల దుస్తులు కుట్టే ఒకావిడ దారం పళ్లతో తెంపుతూ, నిద్రలో నవ్వుతున్నట్టు చూస్తోంది. జాబితాలో ‘క్లారా, 1925’ అని ఉంది.

ఆమె సాలొమోన్ తల్లి. ఆయనకు రెండేళ్లప్పుడే పోయింది. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటి కూడా లేదు. అక్కడ దుస్తులు కుట్టే ఆమెను జాల్క్‌మన్ ఫొటో తీసిందని నాటకశాల ముసలాయనెవరో చెప్పినప్పటి నుంచీ, ముప్పై ఏళ్లుగా వెతుకుతూనే ఉన్నాడు. వేలానికి ముందు మూడు రోజులు ఆ ఫొటోను అందరూ చూడటానికి పెట్టాం. సాలొమోన్ మాత్రం చేతులకు చెమట అంటూ ముట్టుకోలేదు. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, అంతే.

పాట మొదలైంది. పాత వస్తువుల వ్యాపారి పెర్లా కిర్స్‌నర్ వదల్లేదు. సాలొమోన్ చెయ్యెత్తితే ఆవిడా ఎత్తింది. పాట ఆయన తాహతు దాటిపోయింది.

మా హాల్లో ఒక మర్యాద ఉంది. ఫొటోలో ఉన్నది మీ వాళ్లయితే లేచి నిలబడి, ప్రార్థనలో చెప్పినట్టే, పోయినవాళ్ల యూదు పేరూ వాళ్ల తండ్రి పేరూ చెప్పాలి. అప్పుడు మిగతావాళ్లు చేతులు దించేస్తారు, మొదటి ధరకే ఇచ్చేస్తారు.

సాలొమోన్ లేచాడు. “మా అమ్మ. క్లారా...”

“ఏమయ్యోయ్ గుండీలూ! క్లారా అనేది ఈ దేశమొచ్చి ఓడ దిగాక పెట్టుకున్న పేరు. వీధికి నలుగురు క్లారాలు,” అంది పెర్లా. “అసలు పేరేంటి? ఎవరి కూతురు?”

“తెలీదు పెర్లా గారూ. నన్ను పెంచిన పిన్నికి అమ్మంటే గిట్టదు. అడిగితే తలుపేసుకునేది. ఇంకెవరూ చెప్పలేదు.”

పెర్లా కళ్లద్దాలు తీసింది, మళ్లీ పెట్టుకుంది.

“ఛీ, నా నోరు పడిపోను! ఫొటో వెనకాలే పెన్సిలుతో రాసుందయ్యా. మొన్న చూసుకున్నా. గీట్ల్. మెనాషె కూతురు.” చెయ్యి దించి ఒళ్లో పెట్టుకుంది. “ఊఁ, చెప్పు. నువ్వే చెప్పాలి.”

ఆ రాత నేనూ చూశాను. యిద్దిష్ అక్షరాలు రాని నాకది కోడి గెలికినట్టు కనిపించింది. సిగ్గేసింది.

“గీట్ల్, మెనాషె కూతురు,” అన్నాడాయన. మళ్లీ చెప్పాడు. మొదటి ధరకే వేలం సుత్తి పడింది.

ఫొటో చేతికిచ్చాను. అందులో అమ్మ ముఖం వైపు చూడలేదు. వెనక్కి తిప్పి, పెన్సిలు గీతల మీద వేలు పెట్టి, అరవై రెండేళ్ల మనిషి ఒక్కో అక్షరమే పలుకుతూ అమ్మ పేరు నేర్చుకుంటున్నాడు.