మా తమ్ముడి పుట్టి ఆట

రెండు నెలల కిందట ఒక పొద్దున, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చున్నప్పుడు, వనపర్తి నుంచి మా ఆడబిడ్డ కొడుకు ఫోను చేసి, హైదరాబాదులో మా తమ్ముడి పాత కంపెనీలో పనిచేసిన ఒకాయన ఆచూకీ దొరికిందని, వచ్చే ఆదివారం నలుగురైదుగురు కలిసి ఆయన దగ్గరికి పోతున్నారని, ఈ సంగతి నా నోటుబుక్కులో ఎక్కించమని చెప్పాడు. నలభైకి దగ్గరపడిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, కాలేజీలో పాఠాలు చెబుతాడు. అయినా ఆ మాట చెబుతున్నప్పుడు వాడి గొంతు పన్నెండేళ్ళ పిల్లవాడి గొంతులాగే ఉంది. మంచిది నాయనా, పోయి రండి అన్నాను. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఊరూరా టైపు ఇన్‌స్టిట్యూట్లు ఒకటొకటే మూతపడి, ఆ గదుల్లోనే కంప్యూటర్ సెంటర్లు వెలసిన రోజులు. గద్వాలలో మాదీ అలాంటిదే. కింద చీరల దుకాణం, పైన మా గది, గదిలో మూడు కంప్యూటర్లు, వాటికి నేనే కుట్టిన గుడ్డ ముసుగులు, చెప్పులు బయట విడవండి అని గుమ్మం మీద నేనే రాసిన బోర్డు. దుమ్ము పడితే కంప్యూటరు జబ్బుపడుతుందని అప్పట్లో అందరమూ గట్టిగా నమ్మేవాళ్ళం. మా ఆయన లెక్కల ప్యాకేజీ నేర్పేవారు, నేను టైపింగు నేర్పేదాన్ని. టైపులో హయ్యరు పరీక్ష పాసైనదాన్ని కనుక నా వేళ్ళంటే నాకు కాస్త గర్వం కూడా. ఆ పెట్టెల లోపల ఏం జరుగుతుందో మాత్రం నాకు తెలిసింది తక్కువ, తెలిసినట్టు కనబడడం ఎక్కువ.

మా తమ్ముడు నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. లింగాలలో అమ్మానాన్నలు మెట్ట సేద్యం చేసుకుంటూనే వాణ్ణి చదివిస్తే, వాడు హైదరాబాదులో కంప్యూటరు ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరాడు. ఆటలు చేయడం కూడా ఒక కొలువేనా అని మా నాన్నకు మహా నామోషీగా ఉండేది. ఊళ్ళో ఎవరడిగినా ఇంజనీరు అని ఊరుకునేవాడు. అక్కడ తమ్ముడు సొంత ఆలోచనతో ఒక ఆట చేశాడు. సోమశిల దగ్గర కృష్ణలో పుట్టి నడపడమే ఆ ఆట. పుట్టి అంటే తెలిసిందేగా, గుండ్రటి వెదురు బుట్టలాంటి పడవ, తెడ్డు కాస్త తప్పితే ముందుకు పోకుండా ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది. అందులో కోళ్ళగంప ముసలమ్మను, మేకలను, సంచి చంకకు తగిలించుకున్న బడిపంతులును ఎక్కించుకుని ఆవలి ఒడ్డు చేర్చాలి. మేకలన్నీ ఒకే పక్కకు జరిగి పుట్టి ఒరిగినప్పుడల్లా "పైలం, పైలం" అని ఒక గొంతు వినబడేది. అది మా తమ్ముడి గొంతే.

ఆట బజారులోకి రాకముందే పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో చూసి సరిచేయాలని, వాడు దాన్ని ఒక సీడీలోకి ఎక్కించి, పైన నల్ల స్కెచ్‌పెన్నుతో తన గుండ్రటి చేతిరాతతో పుట్టి అని రాసి, మా సెంటరుకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. వినాయక చవితి దాటిన దగ్గర్నుంచి దసరా దాకా, ఎనిమిది మంది పిల్లలు బడి వదలగానే మా మెట్లెక్కేవాళ్ళు. మా ఆడబిడ్డ కొడుకు అప్పుడు మా ఇంట్లోనే ఉండి చదువుకునేవాడు, వాడొకడు. ఎదురింటి కుట్టుమిషనామె కూతురు ఒకతె. మిగిలినవాళ్ళంతా ఆ వీధి పిల్లలే. ఒకరు ఆడితే ఏడుగురు వెనక నిలబడి అరిచేవాళ్ళు. అన్నింటికంటే చివర, రెండు బండల నడుమ ఒక సుడి ఉండేదట. దాన్ని ఎవరూ దాటలేకపోయారు. కుట్టుమిషనామె కూతురు మాత్రం దాని అంచుదాకా పోయి మునిగిందని, ఆ సాయంత్రం వీధి వీధంతా చెప్పుకున్నారు. ఆవలి ఒడ్డున ఏముందో చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇక దసరా సంగతి. ఆయుధపూజ నాడు కుట్టుమిషనుకు, సైకిలుకు, కత్తిపీటకు బొట్టు పెట్టినట్టే కంప్యూటర్లకూ పెట్టాలి కదా. మా అత్తగారు మెట్లెక్కలేక కింద నుంచే "పసుపు పెట్టని సామాను ఏం పనిచేస్తదే" అని కేకవేసేవారు. మానిటర్లకు బంతిపూల దండలు, కీబోర్డులకు బొట్లు, మౌసులకు కూడా కుంకుమ. అన్నీ అయ్యాక, మా తమ్ముడి ఆట పైకి రావాలని, పదిమంది నోళ్ళలో వాడి పేరు పడాలని నాకు బుద్ధి పుట్టి, ఆ సీడీని డబ్బాలోంచి తీసి అమ్మవారి పటం ముందు పెట్టాను. పసుపు ఎటువైపు పూయాలి అని ఒక్క క్షణం ఆలోచించాను కూడా. ఒకవైపు వాడి చేతిరాత ఉంది, పసుపు పూస్తే అది చెరిగిపోతుంది. రెండోవైపు ఏమీ లేదు, ఖాళీగా తళతళ మెరుస్తోంది. రాత ఉన్న వైపే సరుకంతా ఉందని నా తెలివి; కంప్యూటరు చదివేది ఆ మెరిసే వైపునుంచేనని తరువాతెప్పుడో తెలిసింది. వాడి రాతకు తడి తగలకుండా సీడీని బోర్లించి, ఆ మెరిసే వైపు నిండా తడిపసుపు పూసి, నడుమ చుట్టూ కుంకుమ బొట్లు పెట్టి, దాని మీద ఒక బంతిపువ్వు ఉంచి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను.

మర్నాటికి పసుపు ఎండి అంటుకుపోయింది. కొంగుతో తుడిస్తే పోలేదు. కంచం తోమినట్టు సబ్బునీళ్ళలో కొబ్బరిపీచుతో తోమాను. చెబుతుంటే మీకు నవ్వొస్తుందేమో, నాకు మాత్రం ఆ పీచు చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. తరువాత కంప్యూటరులో పెట్టి చూస్తే గుర్రుగుర్రుమని తిరిగిందే తప్ప తెరుచుకోలేదు. నాలుగుసార్లు పెట్టాను, మిగిలిన రెండింటిలోనూ పెట్టాను. మా ఆయనకు చెప్పలేదు. సాయంత్రం పిల్లలు వస్తే, మా తమ్ముడు వచ్చి పట్టుకుపోయిండు, హైదరాబాదులో ఉంది అని చెప్పి పంపేశాను. పదిమందికి కంప్యూటరు నేర్పే మనిషిని, కొబ్బరిపీచుతో తోమానని ఏ నోటితో చెప్పను?

దీపావళి వెళ్ళిన వారానికి తమ్ముడు వచ్చాడు. వాడి కంపెనీ ఉన్నట్టుండి మూసేశారట, కంప్యూటర్లలో ఉన్నదంతా చెరిపేసి ఎవరికో అమ్మేశారట. ఇంకో పెద్ద కంపెనీవాళ్ళు, నువ్వు చేసింది ఏదైనా ఉంటే తెచ్చి చూపించు, పనిలో పెట్టుకుంటాం అన్నారట. "నీ దగ్గర ఒక్కటన్న ఉన్నది, బతికిపోయిననక్కా" అన్నాడు. ఆ మాటకైనా నా నోరు పెగలాలి కదా. పెగలలేదు. హైదరాబాదులో మంచి కంప్యూటర్లుంటాయి, వాటిలో తెరుచుకుంటుందేమోనని నాకు నేనే సర్దిచెప్పుకుని, డబ్బా తుడిచి వాడి చేతిలో పెట్టి, దారిలో తినడానికి సకినాలు మూటగట్టి పంపాను. అక్కడ అది తెరుచుకోలేదట. ఇంకో కాపీ తెమ్మన్నారట, లేదు. సంక్రాంతి లోపల వాడు లింగాలకు తిరిగి వచ్చేసి నాన్నతోపాటు వేరుశనగ చేనులోకి దిగాడు. మళ్ళీ కంప్యూటరు ముట్టలేదు. ఆ సీడీని ఏం చేశావని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

ఆ ఎనిమిది మంది పిల్లలు మాత్రం మరిచిపోలేదు. పెద్దయి తలొక ఊరికి చేరారు. కుట్టుమిషనామె కూతురు నాగర్‌కర్నూలులో టీచరమ్మ అయింది. ఫోన్లు వచ్చాక మా ఆడబిడ్డ కొడుకు అందరినీ వెతికి పట్టుకుని ఒక గ్రూపు పెట్టాడు. పుట్టి ఆట ఎక్కడైనా ఉందా అని పాత సీడీల దుకాణాల్లో వెతికారు, ఎవరెవరికో ఉత్తరాలు రాశారు, హైదరాబాదులో ఎన్ని మెట్లెక్కి దిగారో వాళ్ళకే తెలియాలి. చేతిరాత బాగుంటుంది, అన్నీ కళ్ళారా చూసినదాన్ని అని, ఎవరికి ఏం గుర్తుందో, ఎక్కడెక్కడ వెతికారో అన్నీ రాసిపెట్టే పని నాకు అప్పజెప్పారు. కాదనలేకపోయాను. ఆ నోటుబుక్కు మొదటి పేజీలో, సీడీ దసరాకు హైదరాబాదు తిరిగి వెళ్ళింది, చెప్పినవారు అత్తమ్మ, అని నా చేత్తోనే రాశాను. ఆ ఒక్క వాక్యం పట్టుకునే వాళ్ళు ఇన్నేళ్ళు హైదరాబాదు చుట్టూ తిరిగారు. తమ్ముణ్ణే అడుగుతామంటే, ఆ ఊసెత్తితే వాడికి బాధ అని నేనే ఆపాను. ఆ మధ్య మా ఆయన పోయారు. ఆయనకు కూడా చెప్పకుండానే పంపేశాను.

ఇక రెండు నెలల కిందటి ఆ ఆదివారం వాళ్ళు పోయివచ్చారు. సాయంత్రం మా ఆడబిడ్డ కొడుకు ఫోను చేసి, కంపెనీలో ఉన్నదంతా తుడిచేసిండ్రట, బయట ఉన్న సీడీ ఒక్కటేనట, అది గద్వాల నుంచి దసరాకు తిరిగి రానేలేదట అన్నాడు. వాడు నన్ను నిలదీయలేదు. అదే నాకు ఎక్కువ బాధయింది. "ఆయనకు యాదికి లేదేమో అత్తమ్మా" అని నా తరఫున వాడే ఒక సాకు వెతికిపెట్టాడు.

రెండు రోజులు చూసి, మూడోనాడు బయలుదేరి వనపర్తిలో ఒక బస్సు, నాగర్‌కర్నూలులో ఇంకొకటి మారి లింగాల చేరాను. తమ్ముడు చేనులో బోరు మోటరు పక్కన కూర్చుని ఉన్నాడు. జుట్టు సగం నెరిసింది. గట్టు మీద కూర్చుని, దసరా నుంచి మొదలుపెట్టి కొబ్బరిపీచు దాకా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. తిడతాడనుకున్నాను, నవ్వుతాడేమోనని కూడా ఒక మూల ఆశ. వాడు లేచి మోటరు బందు చేసి వచ్చాడు.

"నేనే సరిగ ఎక్కియ్యలేదనుకున్ననక్కా," అన్నాడు. "ఒక్క సీడీ ఎక్కియ్యరాదు, నాకేం పనొస్తది అనుకున్న. వాళ్ళు మంచిగనే మాట్లాడిండ్రు, మల్ల రమ్మన్నరు. నాకే మొఖం చెల్లక పోలే. దాన్ని బస్టాండుల పడేసి వచ్చిన."

పసుపు వల్ల వాడి కొలువు పోయిందనే ఇన్నేళ్ళూ కుమిలిపోయాను. పోయింది పసుపు వల్ల కాదు, నా నోరు మూతపడడం వల్ల. ఆ రోజే చెప్పి ఉంటే వాడు మళ్ళీ కూర్చుని చేసేవాడేమో, చేయకపోయినా తనకు పని రాదని అనుకునేవాడు కాదు. ఏడ్చాను. వాడు ఊరడించలేదు, కోప్పడలేదు. ఎండ ఎక్కుతుంది, ఇంటికి పోయి బువ్వ తిందాం పా అన్నాడు. దారిలో, పిల్లలు అడుగుతున్నారు, ఆవలి ఒడ్డున ఏం పెట్టావురా అని అడిగాను. "యాదికి లేదక్కా" అన్నాడు. దాస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. దాచడం కాదు, నిజంగానే లేదు.

ఇంటికి వచ్చి గ్రూపులో ఉన్నదున్నట్టు రాశాను. వాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు. ఒకరు నవ్వుల బొమ్మలు పెట్టారు, ఒకరు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. రెండు రోజుల తరువాత కుట్టుమిషనామె కూతురు, ఇక వెతకడానికి ఎక్కడా లేదు గనుక ఎవరికి గుర్తున్నది వాళ్ళం పూర్తిగా చెబుతాం, అత్తమ్మ రాసుకోవాలి, అని పెట్టింది. ఎనిమిది మంది చెప్పేదీ ఒకదానికొకటి పొంతన కుదరదు. ఒకరు మేకలు మూడంటారు, ఒకరు ఐదంటారు. ఎవరిది ఒప్పో చెప్పగలిగినవాడు ఒక్కడే, వాడేమో మరిచిపోయాడు.

ఇప్పుడు కాలం మారింది. ఒక ఫోటో తీస్తే అడగకుండానే నాలుగు చోట్ల భద్రమవుతుంది, మా మనవరాలు ఫోనులో ఆటలు వందలకొద్దీ ఉన్నాయి, నచ్చకపోతే చెరిపేస్తుంది, కావాలంటే మళ్ళీ తెచ్చుకుంటుంది. దసరాకు ఎవరూ ఫోనుకు పసుపు పూయరు, పూసినా తుడిస్తే పోతుంది. ఒక వస్తువు లోకమంతటికీ ఒక్కటే ఉండడం, అది మన చేతిలో ఉండడం ఎంత భయమో ఈ కాలం పిల్లలకు చెప్పినా అర్థం కాదు. ఆ భయం వాళ్ళకు లేకపోవడమే మంచిది కూడా. అయితే నోరు తెరిచి జరిగింది చెప్పడానికి ఫోను అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. అది మాత్రం అప్పుడూ నా చేతిలోనే ఉండింది.

లింగాల నుంచి వచ్చాక తమ్ముడు వారానికొకసారి ఫోను చేస్తున్నాడు. ముందు వానల గురించి, చేను గురించి నాలుగు మాటలు మాట్లాడి, తరువాత, పోరగాళ్ళు ఏం చెప్పిండ్రక్కా అని అడుగుతాడు. నోటుబుక్కు తీసి చదువుతాను. అవతల ఊ కొడతాడు, మధ్యమధ్య మళ్ళీ చదవమంటాడు. నిన్న అంతా విన్నాక, "అక్కా, దాంట్ల వాన పడుతుండెనా?" అని అడిగాడు. నెలరోజులు అది నా గదిలోనే నడిచినా, పిల్లల చెప్పులు సర్దడంలో, టైపింగు తప్పులు దిద్దడంలో పడి, నేను ఒక్కసారి కూడా ఆ ఆట ఆడలేదు, కూర్చుని చూడనూ లేదు. ఆ మాట వాడితో అనలేక, పిల్లలను అడిగి చెబుతానులే తమ్మీ అన్నాను.