ఐదో ముక్క ఒకటోదైంది

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు రికార్డులో ఒక బొమ్మ మీద వైట్‌నర్ ఎవరి మాట మీద పడిందో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా "బొమ్మ సరిచేశాను" అని రాసి ఊరుకున్నాను.

మనిషిలోని ఒక జీన్ ఏ క్రోమోజోము మీద ఏ చోట ఉందో, ఎన్ని ముక్కలుగా ఉందో చూపించడం నా పని. దాన్నుంచి తయారయ్యే ప్రొటీన్ మిగతా జీన్లకు పని చెబుతుంది, ఆపమంటుంది. అంటే మేస్త్రీ. ఇంత పెత్తనం చేసేదాని జీన్ మాత్రం ఐదు ముక్కలై, మధ్యలో ఊళ్లకు ఊళ్లు ఖాళీతో పడుంటుంది. మా గైడు సారు రికార్డులో చదివింది కృతజ్ఞతల పేజీ ఒక్కటే, తన పేరు ఎంత లావుగా పడిందో చూడ్డానికి.

హిందూపురంలో వైవాకు ముందురోజు, ధర్మవరంలో ఇంట్లో మగ్గం పక్కన కూర్చుని బొమ్మ చూసుకుంటున్నాను. నాయన చీర డిజైనుకు చిల్లులు కొట్టిన జాకార్డు అట్టలను వరుసగా దారంతో కుడుతున్నాడు. ఆ వరుస తిరగబడితే చీర అంచులో హంసలు కాళ్లు పైకెత్తుకుంటాయి. పని ఆపి వంగి చూశాడు.

"ఈ బాణమేంది?"

"జీన్‌ను ఎటు నుంచి ఎటు చదవాలో చెబుతుంది నాయనా."

"బాణం ఎడమకు పోతాంటే నువ్వు ఎడమ నుంచి నంబర్లేసుకొస్తాండావే. అట్టలన్నీ తిరగబడె కదమ్మా."

కొన్ని జీన్లను కుడి నుంచి ఎడమకు చదవాలి. నాది ఆ రకమే. నేను కథల పుస్తకం చదివినట్టు ఎడమ నుంచి అంకెలు వేసేశాను. మూడు కాపీలూ బంగారు అక్షరాలతో బైండైపోయాయి. వైవాలో దొరికితే ప్రాజెక్టు మళ్లీ చేయమంటారు.

పొద్దున రైల్లో పెనుకొండ వచ్చేలోపు రెండు కాపీలు దిద్దాను, దాటాక మూడోది. వైట్‌నర్ కుంచె చూసి ఎదుటి సీటామె, "ఏం పాపా, గోర్లకు తెల్ల రంగా?" అంది.

వైవాలో ఎగ్జామినర్ వేలు సరిగ్గా ఆ వైట్‌నర్ మీదే ఆగింది. "ఇదేమిటి?"

"నంబర్లు తిరగేసుంటి సార్. తర్వాత దిద్దినా."

"తప్పు ఎవరు పట్టుకున్నారు?"

గైడు సారు అప్పుడే, తనే పట్టుకున్నట్టు, వినయంగా తల వంచుకుంటున్నాడు.

"నేనే సార్," అన్నాను. ఆ కాలేజీలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఈ కన్ను అందరికీ ఉండదమ్మా," అని ఎగ్జామినర్ తర్వాతి పేజీకి పోయాడు.

సాయంత్రం నేను చెప్పులు విడవకముందే నాయన అడిగాడు, "ఏమనిరి?"

"పాసన్నారు."

"నేను చెప్పినానని యాడా అనలేదు కదా? మగ్గమోడు దిద్దినాడంటే మార్కులు కోసేస్తారు."

"అనలేదు నాయనా."

"మంచి పని చేస్తివి."