తెల్లబడని తెర

రబియాకు మనుషుల మీదే కాదు, మిషన్ల మీదా నమ్మకం లేదు. నరసరావుపేట బస్టాండు దగ్గర పద్నాలుగేళ్లుగా ఆన్‌లైన్ సెంటర్ నడుపుతోంది. అంతకుముందు ఒక వకీలు దగ్గర అర్జీలు టైపు కొట్టింది. అర్జీ పంపామని వకీలు చెప్పడం, అందలేదని ఆఫీసు చెప్పడం చూసి చూసి, కంటబడిందే నిజం అని తేల్చుకుంది.

అందుకే కొట్లో ఒక పద్ధతి పెట్టింది. దరఖాస్తు పంపే ముందు మానిటర్‌ను గిరాకీ వైపు తిప్పుతుంది. బటన్ నొక్కగానే తెర తెల్లబడుతుంది, కాసేపటికి కొత్త పేజీ వస్తుంది. "తెల్లబడిందా? చూశావా? పోయింది," అంటుంది. చుట్టుపక్కల మండలాల వాళ్లకూ అదే అలవాటైంది. తెర తెల్లబడందే ఒక్కరూ కుర్చీలోంచి లేవరు.

మొన్న జూన్‌లో ముప్పాళ్ల నుంచి కృపమ్మ వచ్చింది. మిరపకాయలకు తొడాలు తీసే కూలితో కూతురు సలోమిని ఇంటర్ దాకా చదివించిన మనిషి. సలోమి నర్సింగ్ సీటుకు దరఖాస్తు వేయడానికి అదే ఆఖరి రోజు. గడువు సాయంత్రం ఐదింటి దాకానే. నాలుగుంబావుకు రబియా అన్నీ నింపి, మానిటర్ తిప్పి, బటన్ నొక్కింది.

పేజీ కదల్లేదు. కింద మూలన ఆకుపచ్చ గీతలాంటిదేదో మెరిసి, రబియా కళ్లజోడు సర్దుకునేలోపు మాయమైంది.

"ఏంది రబియమ్మా, తెల్లబడలా?"

"అదే చూస్తన్నా కృపక్కా."

పక్క కొట్లో ఫోన్లు బాగుచేసే సల్మాన్ తల లోపలికి పెట్టాడు. రబియాను అక్క వరసలో ఆపా అని పిలుస్తాడు. "పోయుంటది ఆపా. ఆ సైటు మార్చారు. ఇదివరకు పేజీ మొత్తం పోయి కొత్త పేజీ వచ్చేది. ఇప్పుడు పేజీ ఇక్కడే కూచుంటది. మనం నింపిన వివరాలే లోపల్లోపల పోయి జవాబు తెస్తయ్."

"చాటుగా పోయేదాన్ని నేను నమ్మనురా. నీ ఫోన్లు చూసుకో ఫో."

రబియా పేజీని రిఫ్రెష్ చేసింది. గళ్లన్నీ ఖాళీ. పోలేదనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి? మళ్లీ మొదట్నుంచీ నింపి బటన్ నొక్కింది. ఈసారి ఎర్రటి గీత వచ్చి నిలబడింది: ఈ ఆధార్ మీద ఇప్పటికే ఒక దరఖాస్తు ఉంది. చూస్తారా, రద్దు చేస్తారా?

కృపమ్మ కుర్చీలోంచి లేచింది. "మా తోటికోడలే! దాని పిల్లా ఈ సీటుకే పెడతంది. మా సలోమి పేరు మీద ఏదో తప్పుడుది ఏసి అడ్డం కొట్టింది. రద్దు కొట్టు!"

"ఆధార్ దాని కాడికెట్టా పోయింది?"

"మా కాయితాలన్నీ దాని పెట్టెలోనేగా ఉండేది!"

రబియాకు ఆ మాట సబబుగానే తోచింది. తనకూ ఇద్దరు తోటికోడళ్లున్నారు. బాణం గుర్తు రద్దు మీదికి పోయింది.

"ఆపా, ఆగు! కింద చిన్నచ్చరాలు చదువు," అని సల్మాన్ అరిచాడు.

వీడికెందుకింత ఆత్రం అని అతన్నీ అనుమానంగా చూసింది. అయినా చదివింది. రద్దు చేస్తే కొత్తది వేయడానికి ఇరవై నాలుగు గంటలు ఆగాలట. గడువు చూస్తే ఇంకో ఇరవై నిమిషాలు. నొక్కితే సీటు మీద ఆశ వదులుకోవడమే.

బాణాన్ని పక్కకు జరిపి 'చూడు' నొక్కింది. సలోమి ఫోటో, మార్కులు, పంపిన సమయం నాలుగూ పదహారు. ఫోటో అంచున, స్కాన్ చేసేటప్పుడు పడ్డ తన బొటనవేలు.

"మనదే అక్కా. మొదటిసారే పోయింది."

సల్మాన్ నోరు తెరవబోయాడు. "నువ్వు మాట్లాడబాక," అంది రబియా.

కృపమ్మ తెరను చూసి, రబియాను చూసింది. "మా తోటికోడలు ఇయ్యాల నీ కాడికి రాలేదు గదా?"

"రాలేదు, ఒట్టు."

ప్రింటు చేతికొచ్చినా కృపమ్మ లేవలేదు. "ఆ రద్దు బటను ఎవురు నొక్కినా పనిచేస్తదా?"

రబియా ఆలోచించింది. "ఆధార్ నంబరు తెలిసినోళ్లు ఎవురైనా నొక్కొచ్చు. ఐదింటి దాకా."

ఆ తర్వాత వచ్చిన ఇద్దరు గిరాకీలను రేపు రమ్మని పంపేసింది. కుర్చీలు దగ్గరికి లాక్కుని ఇద్దరూ కాపలా కూచున్నారు. నిమిషానికోసారి దరఖాస్తు తెరవడం, ఉందని చూసుకోవడం. సరిగ్గా ఐదింటికి రద్దు బటన్ రంగు వెలిసి బూడిదలా అయింది.

"ఇంక పనిచెయ్యదు. నొక్కి చూపియ్యనా?" అంది రబియా.

"చేతులిరగ్గొడతా," అంది కృపమ్మ, ప్రింటు మడిచి జాకెట్లో దోపుకుంటూ.